శుక్రవారం తోట

నవంబర్ 13, బుధవారం

సుమశ్రీ పోయింది.

రాశాను. ఈ మాట ఇంకోసారి రాయను.

పదిన్నరకి షాపులో స్పైరల్ బైండింగ్ చేస్తుంటే దుబాయ్ నుంచి రఘురామ్ బావగారు ఫోన్ చేశారు. పొద్దున లేస్తూనే తలనొప్పి అందట. టీ పెట్టబోయి పొయ్యి దగ్గరే పడిపోయిందట. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. నలభై ఒకటి దాని వయసు. నాకంటే పదకొండేళ్ళు చిన్న చెల్లెలు. నాన్న లేరు గనక నా భార్య అరుణా నేనూ పీటల మీద కూర్చుని కన్యాదానం చేసి పంపిన పిల్ల.

ఎదురుగా ఓ అమ్మాయి జావా నోట్సు రెండు కాపీలు కావాలని నిలబడి ఉంది. తీసి ఇచ్చాను. రెండో కాపీలో ఒక పేజీ నల్లగా వచ్చిందంటే మళ్ళీ తీశాను. అదేం బుద్ధో నాది. తర్వాత షట్టర్ దించేసి అమీర్‌పేట నుంచి మెట్రో పిల్లర్ల కిందగా నడుచుకుంటూ పంజాగుట్ట ఇంటికి వచ్చేశాను. తిన్నగా బాత్రూంలోకి పోయి నెత్తి మీద నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాను.

బయటికొస్తే అమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏరా మోహనూ, ఈ వేళప్పుడు స్నానం ఏంటి?"

"చెమటమ్మా. షాపులో ఏసీ పోయింది."

నవంబర్లో చెమట! అబద్ధం ఆడటం కూడా చేతకాదు నాకు. అమ్మ "అలాగా" అంది. సుమకి ఒంట్లో బాలేదనీ, ఆసుపత్రిలో చేర్చారనీ, బావగారు ఒక్కరే కంగారు పడుతున్నారు గనక వెళ్ళి చూసొస్తాననీ చెప్పాను. ఒక కాయ ఈనె తీసి, గింజ చూసి, గిన్నెలో వేసింది.

"వెళ్ళిరా. తొందరగా వెళ్ళు."

అమ్మకి డెబ్భై నాలుగు. రెండు స్టెంట్లు వేశారు. చెప్పనంటే చెప్పను.

నవంబర్ 14, గురువారం

వీసా వచ్చింది. షాపు తియ్యలేదు.

అరుణతో గొడవ. కుళాయి తిప్పి వదిలేసి, ఆ చప్పుడులో అడిగింది. "అక్కడే కానిచ్చేయమని మీ బావగారితో అన్నారట. నిజమేనా?"

"ఇక్కడికి తెస్తే అమ్మ తట్టుకోలేదు."

"కన్నతల్లి కడసారి చూపుకి అడ్డం పడటానికి మీరెవరండీ?"

"నేను కొడుకుని. డాక్టర్ నాతో చెప్పాడు, నీతో కాదు."

అమ్మ నెమ్మదిగా తెలుసుకుంటుంది. నెలో రెండు నెలలో పోయాక, మంచి సమయం చూసి చెబుతాను. ఇందులో తప్పేముంది? నాకేం సరదానా?

నవంబర్ 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. అమ్మ మూడు వందల అరవై ఐదు వత్తులూ దసరా నుంచి కూర్చుని చేసుకుంది. ఇవాళ వెలిగించలేదు. మోకాళ్ళు లాగేస్తున్నాయి, తర్వాత చూద్దాంలే అంది. రెండ్రోజులుగా ఇంట్లో దీపమే లేదు. నేను ఎలాగూ ముట్టుకోకూడదు. అమ్మ కూడా వెలిగించకపోవడం నాకు కలిసొచ్చింది. లేకపోతే ప్రసాదం తీసుకో, హారతి తీసుకో అని నా ప్రాణం తీసేది.

పూజ అలమరలో ఏదో ఖాళీగా కనబడింది. ఏమిటో తట్టలేదు.

బయల్దేరుతుంటే అమ్మ ఒక ప్యాకెట్ ఇచ్చింది. పాత కాటన్ తుండులో చుట్టి, దారంతో గట్టిగా కట్టింది. కాస్త బరువుగానే ఉంది.

"కొత్త చీర. సుమకివ్వు. దారిలో విప్పకు, మడత చెదురుతుంది."

"ఆసుపత్రి నుంచి రాగానే కట్టుకుంటుందిలే," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో!

ఆరు గంటలకి ఎయిర్‌పోర్టు బస్సులో ఉన్నాను. శుక్రవారం ఆరింటికి సుమ ఫోన్ చేస్తుంది. అక్కడ నాలుగున్నర అవుతుంది. బోటిమ్ అనే ఆ వీడియో కాల్ యాప్‌లో అమ్మ కళ్ళజోడు సర్దుకుని "మీ తోట చూపించవే" అంటుంది. అది ఫోన్ తిప్పి పచ్చగడ్డీ, పూల మళ్ళూ, ఖర్జూరం చెట్లూ చూపిస్తుంది. మా సుమ వాళ్ళ ఫ్లాట్ల కింద ఎంత పెద్ద తోటో అని అమ్మ అపార్ట్‌మెంట్ మొత్తానికీ చెప్పుకుంటుంది.

ఇవాళ ఆరింటికి అమ్మ ఏం చేసిందో అరుణని అడగలేదు.

నవంబర్ 16, శనివారం

ఇవాళా రేపూ ఇక్కడ దుబాయ్‌లో ఆఫీసులకి సెలవు. కాగితాలు సోమవారమే. అంతవరకు సుమ అక్కడే, ఆసుపత్రిలో ఆ చల్లటి గదిలో. పది నిమిషాలు చూడనిచ్చారు. నేను దాని గురించి రాయను.

ఇల్లు చూశాను. ఇల్లు! ఒక హాలుని చెక్క పలకలతో మూడు ముక్కలు చేశారు. అందులో ఒక ముక్క వీళ్ళది. ఒక మంచం, ఒక బీరువా. కిటికీ లేదు. వంటిల్లు మూడు కుటుంబాలకీ ఒకటే. కింద తోట కాదు గదా, తులసి మొక్క పెట్టుకునే జాగా లేదు. అటుపక్క టైర్ల షాపు.

"బావగారూ, ఏంటిది?"

రఘురామ్ గారు తలెత్తలేదు. పోయినేడాది సెప్టెంబర్లో ఉద్యోగం పోయిందట. ఇప్పుడేదో గోడౌన్లో లెక్కలు చూస్తున్నారట.

"నాకైనా చెప్పాలి కదండీ!"

"తనే వద్దంది. అన్నయ్యకి తెలిస్తే రెక్కలు కట్టుకుని వచ్చి నన్ను తీసుకుపోతాడు, మీరొక్కరూ ఇక్కడ ఏం తింటారు అంది."

తీసుకుపోయేవాణ్ణే. తప్పకుండా తీసుకుపోయేవాణ్ణి. పొద్దున్నే తలనొప్పి అంటే నిమిషాల్లో నిమ్స్ ఆసుపత్రిలో పడేసేవాణ్ణి. పద్నాలుగు నెలలు నాతో ప్రతి ఆదివారం ఫోన్లో నవ్వుతూ మాట్లాడింది, అబద్ధాలకోరు. నా చెల్లెలు అబద్ధాలకోరు.

నవంబర్ 17, ఆదివారం

చెయ్యడానికి ఏమీ లేదు. ఎవరికీ ఫోన్ చెయ్యడానికి లేదు, వెళ్ళి నిలబడటానికి ఆఫీసు లేదు. ఆ పెట్టెలాంటి గదిలో ఇద్దరు మగాళ్ళం మంచానికి చెరో చివర కూర్చున్నాం. మూడింటికి రఘురామ్ గారు లేచి, "పార్కుకి వెళ్దామా బావగారూ?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పార్కా! అక్కడ అది అలా ఉంటే మనం షికారుకి పోదామా? నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన పడ్డారు. చివరికి, "తను ప్రతి శుక్రవారం అక్కడే ఉండేది. చూస్తారేమోనని," అన్నారు. చెప్పులు వేసుకున్నాను.

మెట్రోలో నాలుగు స్టేషన్లు, ఆ తర్వాత నడక. దారంతా ఇసకా, రోడ్డూ, గాజు మేడలూ. గేటు దగ్గర టికెట్ తీసుకుని లోపలికి అడుగుపెట్టగానే పచ్చగడ్డి. ఎంత దూరం చూస్తే అంత దూరం. మన దగ్గర పార్కంటే వాకింగ్ ట్రాకు, దుమ్ము పట్టిన జారుడుబల్ల. ఇది మా పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా పరిచినా ఇంకా మిగిలేట్టుంది. వేపచెట్లు, ఖర్జూరం చెట్లు. ప్రతి చెట్టు మొదట్లో నల్ల పైపు, బొట్టు బొట్టుగా నీళ్ళు. పైపు తీసేస్తే నెలలో అంతా ఇసకే అన్నారు బావగారు. మధ్యలో చెరువు, అందులో పడవలు. పిల్లలకి చిన్న రైలు కూడా ఉంది. కుటుంబాలు చాపలు పరుచుకుని బొగ్గుల మీద మాంసం కాలుస్తున్నారు. ఒక ముసలాయన కుర్చీ తెచ్చుకుని, చెవిలో రేడియో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఎవరికీ తొందర లేదు. ఆదివారం అందరికీ ఆదివారమే.

ఆ మూలనున్న ఎర్ర పూల మడి నాకు తెలుసు. ఆ చెరువు గట్టు తెలుసు. ఆ వంగిన ఖర్జూరం చెట్టు కూడా తెలుసు. అన్నీ అమ్మ ఫోన్లో చూసినవే. ఇదా "మా తోట"! రెండు బస్సులు మారి ఇక్కడికొచ్చి, బెంచీ మీద కూర్చుని, తన ఇంటి పెరడని చెప్పి అమ్మకి చూపించేది. మెట్రోలో రావచ్చుగా అని అడిగితే, బస్సయితే కిటికీ పక్కన కూర్చోవచ్చనేదని చెప్పారు బావగారు.

బెంచీ చూపించారు. కూర్చున్నాను. ఏడుద్దామనుకుంటే రాలేదు.

బావగారు కాల్చిన మొక్కజొన్న కంకులు రెండు తెచ్చారు. వద్దన్నాను. మళ్ళీ తీసుకున్నాను. ఉప్పూ నిమ్మకాయా రాసి ఉంది. బాగుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చాలా బాగుంది. బుధవారం నుంచి నోటికి రుచి తెలిసింది అప్పుడే. తర్వాత గడ్డి మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. లేచేసరికి గంట దాటింది. చెల్లెలు చల్లటి గదిలో, అన్నగారు పార్కులో గురక! నా బతుకు చెడ.

నీళ్ళు పడుతున్న తోటమాలి ఒకడు నన్నే చూస్తున్నాడు. ఆకుపచ్చ యూనిఫాం, నెత్తికి రుమాలు. యాభై ఏళ్ళుంటాయి. బావగారిని గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"నమస్తే సార్. అక్క రాలేదా? మొన్న శుక్రారం సుత రాలేదు. ఊరికి పోయిందేమో అనుకున్న."

"ఈయన సుమ వాళ్ళ అన్నయ్యగారు," అన్నారు బావగారు. ఆ మనిషి ముఖం విప్పారింది.

"అన్నవా? నీ ముచ్చట మస్తు చెప్తుండె అక్క. అమీర్‌పేటల నీకు జిరాక్స్ దుకాణం ఉందట గద? నా పేరు రాజనర్సయ్య, మాది జగిత్యాల దిక్కు. ప్రతి శుక్రారం నాకు పులిహోర తెస్తుండె అన్నా. పదకొండేండ్లాయె నేనీడికొచ్చి, ఒక్కలు సుత నువ్వు తిన్నవా అని అడగలే. అక్క వచ్చే యాళ్ళకు గీ పూల మడికి ముందుగాల నీళ్ళు పడుతుంటి. అమ్మకు ఫోన్ల మంచిగ కనబడాలె అని చెప్తుండె. ఎందుకు రాలే అన్నా?"

"ఒంట్లో కాస్త బాలేదు," అన్నాను.

"అయ్యో! ఫికర్ చెయ్యకు అన్నా, మంచిగైతది. గీ మూలకు పైపు పలిగిపోయి గడ్డి ఎండుతుంటె అక్క ఒకటే బాధపడుతుండె. బాగు చేసిన్రని చెప్పు. జర యాదిపెట్టుకొని చెప్పు."

చెబుతానన్నాను. తల కూడా ఊపాను. అతను అటు వెళ్ళాక బావగారు నా వైపు తిరిగారు.

"ఇక్కడ కూడానా బావగారూ? ఇతనికి కూడా స్టెంట్లు వేశారా?"

రెండ్రోజుల్లో ఆయన నా మీద విసుక్కున్నది అప్పుడొక్కసారే. ఇక్కడ ఎవరి గుండె కోసం దాచాను? బుధవారం నుంచి ఆ మాట నేను నోటితో ఎవరికీ చెప్పలేదు. అరుణకి కూడా ఫోన్ చేతికిచ్చి బావగారితో చెప్పించాను. బావగారే లేచి గడ్డికి అడ్డంపడి అతని దగ్గరికి నడిచారు. దూరం నుంచి మాటలు వినబడలేదు. రాజనర్సయ్య చేతిలో పైపు కిందికి జారింది. నీళ్ళు అతని బూట్ల మీద పోతున్నాయి. రుమాలు విప్పి, గడ్డి అంచున కూలబడ్డాడు.

ఆ నీళ్ళు కట్టేయడానికి ఎవరూ వెళ్ళలేదు.

నవంబర్ 18, సోమవారం

కాగితాలు. నాలుగు చోట్ల సంతకాలు. రేపు పొద్దున పదింటికి, ఇక్కడే. నేనే ఒప్పుకున్నాను.

అమ్మ ఫోన్లో "ఎలా ఉందిరా?" అంది. "అలాగే ఉందమ్మా," అన్నాను. "సరే," అంది.

నవంబర్ 19, మంగళవారం

ఇక్కడి తెలుగువాళ్ళు పదిమంది శ్మశానానికి వచ్చారు. నవీన అని ఒకావిడ, వీళ్ళ పక్క వాటాలో ఉంటుంది, ఆడవాళ్ళ పనులు తనే అందుకుంది. తొమ్మిదింటికి నా దగ్గరికొచ్చింది.

"అన్నయ్యగారూ, స్నానం అయింది. పుణ్యస్త్రీ కదా, పుట్టింటి చీర మీరు తేవాలి. తెచ్చారా?"

వీసా గుర్తుంది, షాపు తాళాలు గుర్తున్నాయి, ఇది గుర్తులేదు. పుట్టింటివాణ్ణి నేనొక్కణ్ణే వచ్చి, చేతులూపుకుంటూ వచ్చాను. లేదమ్మా అని చెప్పబోతుంటే బావగారు అన్నారు, "మీ అమ్మగారు ఏదో పంపారుగా. మీ సూట్‌కేసు మనం వచ్చిన కారులోనే ఉంది."

అవును, కొత్త చీర. నవీన చేత్తో దారం తెంపింది.

ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు. రవికె గుడ్డ. గాజులు డజను. పసుపు పొట్లం, కుంకుమ పొట్లం. ఆసుపత్రిలో ఉన్న కూతురికి ఇవన్నీ ఎందుకు పంపిందా అనుకుంటూనే చూస్తున్నాను. చీర మడతల మధ్యలోంచి చిన్న రాగి చెంబు నవీన అరచేతిలోకి జారింది.

కాశీ చెంబు. మూతికి సీలు వేసి ఉంది.

పదమూడేళ్ళ కిందట నేనే అమ్మని కాశీ తీసుకెళ్ళాను. అప్పట్నుంచీ అది పూజ అలమరలోనే ఉంది. దులిపిన ప్రతిసారీ అమ్మ చెప్పేది. "నేను పోయేటప్పుడు నా నోట్లో పొయ్యాల్సింది ఇదేరా. అంతవరకు సీలు తియ్యకండి." అలమరలో ఖాళీగా కనబడిన చోటు దీనిదే. అమ్మ తన కోసం దాచుకున్న నీళ్ళు.

తెలుసు. అమ్మకి మొదట్నుంచీ తెలుసు. వత్తులు వెలిగించనిది మోకాళ్ళ నొప్పికి కాదు.

"అన్నయ్యగారూ, ఫర్వాలేదా?" అంటోంది నవీన. నేను ఫోన్ తీశాను. ఒక్క రింగుకే ఎత్తింది అమ్మ. తల దువ్వుకుని, కళ్ళజోడు పెట్టుకుని, హాల్లో అదే కుర్చీలో ఉంది. వెనకాల అరుణ నిలబడి ఉంది.

"అమ్మా," అన్నాను. ఆ మాట అప్పుడు వచ్చింది నోటికి. "సుమ చనిపోయిందమ్మా."

"ఊఁ. చీర కట్టారా?"

"కడుతున్నారు."

"కట్టాక చూపించు. నేను ఉంటాను."

కట్టారు. బొట్టు పెట్టారు. నేను సీలు తీసి ఆ నీళ్ళు దాని పెదాల మీద వేశాను. కొంచెం పక్కకి కారితే నా ఉత్తరీయంతో తుడిచాను. ఫోన్ బావగారు పట్టుకున్నారు. కాసేపటికి నవీన చేతికిచ్చేశారు. అమ్మ ఎంతసేపు చూసిందో తెలియదు.

"ఆ రంగు దానికి బాగుంటుందని తెలుసు," అంది. "చాలు నాన్నా. కానివ్వండి."

నవంబర్ 21, గురువారం

ఇంటికి వచ్చాను. సూట్‌కేసు పక్కన పెట్టి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఎప్పుడు తెలిసిందమ్మా అని అడిగాను.

"పట్టపగలు పదకొండింటికి నెత్తి మీద నీళ్ళు పోసుకుని తడి తలతో వచ్చావు. ఏసీ పోయిందన్నావు. ఆ మర్నాడు పూజ అలమర దగ్గరికి కూడా పోలేదు. నేను ఎన్ని చావులు చూశానురా! నాకు తెలియదంట్రా?"

"మరి అడగలేదేం? ఇక్కడికి తీసుకురమ్మంటే తెచ్చేవాణ్ణి. నిన్ను చూడనివ్వకుండా చేసింది నేనే కదమ్మా."

"అప్పుడే నోరు తెరిచి ఏడిస్తే నన్ను ఒదిలేసి విమానం ఎక్కేవాడివా? నా గుండె పట్టుకుని ఇక్కడే కూర్చునేవాడివి. అక్కడ దానికి పుట్టింటివాళ్ళు ఒక్కరూ లేకుండా పోయేది. తేవడమో అక్కడే చెయ్యడమో, అదంతా తర్వాత. ముందు నువ్వు దాని దగ్గరికి చేరాలి."

నేను అమ్మని కాపాడుతున్నాననుకున్నాను. వారం రోజులు ఆవిడే నన్ను కాపాడుకొచ్చింది, విమానం ఎక్కించి, చీర కట్టించి. నేను ఒట్టి మూర్ఖుణ్ణి.

గదీ, చెక్క పలకలూ చెప్పలేదు. అది ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

నవంబర్ 22, శుక్రవారం

సాయంత్రం ఆరింటికి అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వద్దని చెబుదామని లేచాను. అరుణ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆరూ అయిదుకి మోగింది.

రాజనర్సయ్య. బావగారి దగ్గర నంబర్ తీసుకున్నాడట. నెత్తికి అదే రుమాలు.

"అమ్మా, నమస్తే. నేను అక్క చెప్పిన రాజనర్సయ్యను. ఇయ్యాళ శుక్రారం గద. పార్కు చూపిద్దామని చేసిన." అని నాలుక కరుచుకున్నాడు. "అంటే, తోట అమ్మా, అక్కోళ్ళ తోట..."

"పార్కేలే నాయనా," అంది అమ్మ. "వాళ్ళ తోటయితే అందులో వారానికో కొత్త సంసారం చాపేసుకుని అన్నం తింటుందా? నాకు ఎప్పుడో తెలుసు. దానికి సరదాగా ఉందని ఊరుకున్నాను. చూపించు."

అతను ఫోన్ తిప్పాడు. చెరువు, పడవలు, వంగిన ఖర్జూరం చెట్టు. ఎర్ర పూల మడి తడితడిగా మెరుస్తోంది. బెంచీ దగ్గర కాసేపు ఆగాడు. దాని మీద ఎవరూ లేరు. అమ్మ ఏం తొందర పెట్టలేదు. అతను కూడా తొందరపడలేదు. పావుగంట అలా పార్కంతా తిరిగారిద్దరూ.

"ఆ మూల గడ్డి ఇంకా పూర్తిగా చిగురించలేదు నాయనా. అటు కూడా కాస్త పట్టు."

"పడుత అమ్మా. రోజు పడుత."

"అన్నం తిన్నావా?"

అతను రుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. "తిన్న అమ్మా," అన్నాడు.

ఫోన్ ఆగిపోయాక అమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. అప్పుడు ఏడ్చింది. పది రోజుల తర్వాత, పెద్దగా, పక్క ఫ్లాట్ల వాళ్ళు తలుపులు తీసేంత గట్టిగా. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. డాక్టర్ చెప్పిన మాత్ర జేబులోనే ఉంది. ఏడవకమ్మా అని మాత్రం అనలేదు.